మామూలు వేగం

టీవీలో బంతి కనిపించకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఫుట్‌బాల్ చూసే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన కిందటి వారం పోయాడు. బంజారా హిల్స్ ఆసుపత్రిలో పోయాడు, యూసుఫ్‌గూడలో కాల్చాం. పత్రికల్లో ఎక్కడా రాలేదు. ఆయన సినిమా ఎడిటర్. ఎడిటర్ల పేర్లు తెరమీద పడేటప్పటికే జనం పాప్‌కార్న్ కోసం లేస్తారు, ఇక చావు వార్త ఎవరు వేస్తారు?

చివరి రోజుల్లో ఆయన పట్టుకుని తిరిగింది సినిమాల్ని కాదు. షూటింగుల్లో తాడు లాగే సాయిలు అనే మనిషికి సినిమా సంఘం వాళ్లు లాక్కున్న కార్డు తిరిగి ఇప్పించాలని తిరిగాడు. ఆ కార్డు లేకపోతే సాయిలును ఏ షూటింగ్‌లోనూ గేటు దాటనివ్వరు. అది పోవడానికి కారణం తనేనని ఆయన నమ్మకం. ఆ కథ చెప్పాలంటే ముందు ఆ అరచెయ్యి సంగతి చెప్పాలి.

ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఎడిటింగ్ గది మొదటి అంతస్తులో ఉండేది. నేను పనిచేసే డబ్బింగ్ థియేటర్ దాని కింద. మ్యాచ్ ఉన్న రోజు మెట్లమీదే ఆయన గొంతు వినిపించేది. గదిలో పెద్ద మానిటర్ ముందు కుర్చీ మరీ దగ్గరికి లాక్కుని కూర్చునేవాడు. ఆట మొదలవగానే కుడి అరచెయ్యి తెరమీద పెట్టి, బంతి ఎటు పోతే అటు దాన్ని జరుపుతూ ఉండేవాడు. వెనక కూర్చున్నవాళ్లకు ఒళ్లు మండేది.

"అన్నా, బంతి కనబడట్లేదండీ" అన్నాను మొదటిసారి.

"బంతిని చూసి ఏం జేస్తవ్? అది ఎటు పోతదో దానికే తెల్వదు. మనుషులకు ఎరుక. మనుషులను చూడు."

నిజానికి ఆ చెయ్యి కింద బంతి దాక్కున్నాక నాకు మొదటిసారి ఆట కనిపించింది. నలుగురు డిఫెండర్లు ఒక్క దారానికి గుచ్చినట్టు కదలడం, ఒకడు ముందుకు పోతే పక్కవాడు ఆ ఖాళీలోకి జరగడం, బంతికి మైలు దూరంలో ఉన్నవాడు కూడా చెయ్యెత్తి ఎవరినో హెచ్చరించడం, ఇవన్నీ అంతకుముందు చూసి ఎరగను. ఆయన కుర్రతనంలో వెనక వరస నడుమ కాపలా కాసే స్టాపర్‌గా ఆడాడట. ఏ జట్టుకు, ఎన్నాళ్లు, మోకాలు ఎలా పోయింది అని అడిగితే చెప్పేవాడు కాదు. స్టాపర్ అంటే ఎవరో మాత్రం చెప్పేవాడు.

"పక్కోడు తెరిచి మర్సిపోయిన తలుపును మూసేటోడు. మూసినందుకు ఎవ్వడు చప్పట్లు గొట్టడు. ఒక్కపారి మూయకపోతే మాత్రం పేరుతోని తిడతరు."

టీవీ వాళ్లు స్టార్ ఆటగాడి ముఖం దగ్గరగా చూపిస్తే ఆయన అగ్గిమీద గుగ్గిలం అయ్యేవాడు. "అరే, వాని మొకం మాకెందుకయా! వెనక లైన్ చూపియ్! ఆట నడుస్తుంటే హీరో ఇంట్రడక్షన్ పెట్టిండు చూడు వీడు!"

పొద్దుటినుంచీ అదే గదిలో హీరో ముఖం మీదికి కట్ మీద కట్ కొట్టిన మనిషి ఆయన. ఆ మాటే అన్నాను.

"నాకంటే జీతమిస్తరు. వీనికేం పుట్టింది?" అన్నాడు, తెరమీదినుంచి చెయ్యి తీయకుండా.

వ్యూహం చెప్పాల్సి వస్తే బల్లమీద హార్డ్ డిస్కులు వెనక వరసగా, పెన్ డ్రైవులు ముందు వరసగా పేర్చేవాడు. ముగ్గురితో వెనక కాపలా కాస్తే రెండు అంచుల్లో ఆడేవాళ్లు ఎంత పైకి పోవచ్చు, పోతే వాళ్ల వెనక మిగిలే మైదానానికి ఎవరు జవాబుదారీ అన్నది ఆయనకు ఇష్టమైన పాఠం. ఒకరోజు పాఠం మధ్యలో మేనేజర్ ఎవరో వచ్చి, పాట ఉన్న డిస్కు అంటూ ఒకటి తీసుకుపోయాడు. ఈయన తలుపు దాకా వెంటపడ్డాడు. "ఓ సారూ, మా లెఫ్ట్ బ్యాక్‌ను ఎత్కవోయినవ్!" ఆ మేనేజర్‌కు ఈయన కొంచెం తేడా మనిషి అనే అభిప్రాయం చివరిదాకా పోలేదు.

నన్ను 'లైబ్రరీ' అని పిలిచేవాడు. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం బల్లలమీదే, ఫ్యాను కింద జాగా దొరికితే అదృష్టం అనుకుంటూ. ఆయన దగ్గర ఆట చూడటం మొదలయ్యాక అక్కడ ఫుట్‌బాల్ పుస్తకాలు వెతికి మరీ చదివాను. బంతి అందుకునేవాడు ఆఫ్‌సైడ్ తప్పులో పడకుండా ఉండాలంటే అతనికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న పాత నియమాన్ని ఇద్దరికి తగ్గించాకే మధ్యలో ఆడేవాడు వెనక్కి వచ్చి స్టాపర్ అయ్యాడని చదివి, పరుగున వెళ్లి చెప్పాను. నియమంలో ఒక్క అంకె మారితే మైదానంలో ఒక కొత్త మనిషి పుట్టాడు కదా అని నా సంబరం.

"అంటే నన్ను గూడ కాయితం మీదనే పుట్టిచ్చిన్రన్నమాట" అన్నాడు. ఆ రోజు టీ ఆయనే తెప్పించాడు.

ఇక సాయిలు విషయం.

ఫైట్ సీన్లలో ఫైటర్ గాల్లోకి లేవాలంటే నడుముకు కట్టిన తాడు కప్పీ మీదుగా వచ్చి అవతల కొందరి చేతుల్లో ఉంటుంది. సాయిలు అలా తాడు లాగేవాడు. నర్సింగ్ అనే ఫైటర్, సాయిలు కృష్ణానగర్‌లో ఒకే గల్లీలో ఉండేవాళ్లు. ఒకరి బండిమీద ఒకరు షూటింగ్‌కు వచ్చేవాళ్లు. ఒక మధ్యాహ్నం నర్సింగ్ పైన ఉండగా తాడు జారింది. నర్సింగ్ బతకలేదు.

తాడు పట్టుకున్నవాళ్లలో ముందున్నది సాయిలు. ముందువాడి పట్టు తప్పితే వెనకవాళ్లు ఆపలేరు. మేకింగ్ వీడియో తీస్తున్న కెమెరాలో అదంతా పడింది. సంఘం కమిటీ వాళ్లు ఆ వీడియో పట్టుకుని ఎడిటర్ గదికి వచ్చారు. సాయిలును కూడా పిలిపించారు. మామూలుగా చూస్తే ఏమీ తెలియలేదు. తాడు ఉంది, తర్వాత లేదు, అంతే.

కార్యదర్శి కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "కొంచెం నెమ్మదిగా చూపించండి సార్. ఇంకొంచెం. ఆ చెయ్యి దగ్గరికి వెళ్లండి" అన్నాడు.

ఈయన చేశాడు. రోజూ చేసే పనే. ఒక రెప్పపాటును పాట పల్లవంత సాగదీశాడు. తెరనిండా సాయిలు. ముందు అతని తల పక్కకు తిరిగింది, ఎవరినో తీరిగ్గా చూస్తున్నట్టు. తర్వాత వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకున్నాయి, వద్దనుకుని వదిలేసినట్టు. తాడు పాములా జారిపోయింది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నాకూ అలాగే అనిపించింది. కళ్లముందు కనిపిస్తుంటే ఎలా కాదంటాం?

"ఇంత టైం ఉందయ్యా నీకు. అటేం చూస్తున్నావ్?" అన్నాడు కార్యదర్శి.

సాయిలు తెరవైపే చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు ఇంకోసారి వేయమన్నారు. ఈయన వేశాడు. ఆ సాయంత్రమే సాయిలు కార్డు తీసేసుకున్నారు.

కొన్నాళ్లకు ప్రపంచ స్థాయి టోర్నీ ఫైనల్ వచ్చింది. ఆదివారం సాయంత్రం. జూబ్లీ హిల్స్‌లో ప్రతి రెస్టారెంటూ పెద్ద తెర పెట్టి పిలిచినా, మేం ఆ గదిలోనే చేరాం. తెల్ల జెర్సీల జట్టు వెనక ముగ్గురితో ఆడుతోంది. ఈయన చెయ్యి తెరమీద ఉంది, నోరు ఆగడం లేదు. "ఆ ఎడమదిక్కోడు పైకి పోయి వాపస్ వస్తలేడు. వాని ఇల్లు గూడ నడిమిట్లోడే కాస్తుండు. చూడు, చూడు, రెండు ఇండ్లకు ఒక్కడే వాచ్‌మన్!"

ఆట చివర్లో అదే జరిగింది. ఎరుపు జెర్సీల వాళ్లు ఆ ఖాళీలోకి బంతి వేశారు. నడిమి స్టాపర్ తన జాగా కాని జాగాకు పరుగెత్తి, దూకి, అడ్డుపడ్డాడు. బంతి అతనికి తగిలి బయటికి పోయింది. ఈయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. గోల్‌కు కూడా ఎప్పుడూ కొట్టని మనిషి.

రిఫరీ, లోపల వీడియో చూసే అధికారుల మాట వింటూ చెవిమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గాల్లో వేళ్లతో చదరం గీసి, మైదానం అంచున ఉన్న చిన్న తెర దగ్గరికి నడిచాడు. అతను చూసేదే మాకూ చూపించారు. దగ్గరగా, నెమ్మదిగా. దూకుతున్న స్టాపర్ చెయ్యి శరీరం నుంచి విడివడి, బంతి కోసం వెతుక్కుంటున్నట్టు మెల్లగా జరిగి, దాన్ని తాకింది.

"కావాలనే పెట్టాడ్రా!" అని ఒక అసిస్టెంట్ అరిచాడు. "క్లియర్ పెనాల్టీ!" అని ఇంకొకడు.

"నార్మల్ స్పీడ్ల ఏయుండ్రి" అన్నాడు ఈయన.

మళ్లీ నెమ్మదిగానే వేశారు.

"అరే, నార్మల్ స్పీడ్ల ఏయుండ్రా!" ఈసారి ఆ అరుపుకు కింద మా థియేటర్‌లో ఉన్నవాళ్లు కూడా పైకి వచ్చారు. "దునికేటోడు చేతులు జేబుల పెట్టుకోని దునుకుతడా? మెల్లగ తిప్పితే ఎవ్వడైన దొంగలెక్కనే కనవడ్తడు! నీ అయ్యను తిప్పి చూడు, గాయన గూడ..."

అక్కడ ఆగిపోయాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, ఎరుపు జెర్సీల వాళ్లు గోల్ కొట్టారు, గదిలో కేకలు. ఈయన రిమోట్ బల్లమీద పెట్టి బయటికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. మెట్ల మలుపులో గోడకు ఆనుకుని ఉన్నాడు.

"లైబ్రరీ, సాయిలుకు నేను జేసింది గిదే గద" అన్నాడు.

నాకు తెలిసిన పని ఒకటే, చదవడం. మర్నాడు గ్రంథాలయంలో ఆట నియమాల పుస్తకం తీశాను. వీడియో సాయంతో తీర్పు ఎలా ఇవ్వాలో దాని చివర ఉంది. నెమ్మదిగా తిప్పి చూడటం కొన్నిటికే తగునట: తప్పు ఏ చోట జరిగింది, దెబ్బ ఎక్కడ తగిలింది, బంతి గీత దాటిందా వంటివాటికి. దెబ్బ ఎంత గట్టిది, చేతికి తగిలిన బంతి తప్పు కిందికి వస్తుందా రాదా అని తేల్చడానికి మామూలు వేగంలోనే చూడాలట. అంటే ఏం జరిగిందో చూడటానికి నెమ్మది పనికొస్తుంది, మనిషి మనసులో ఏముందో చూడటానికి పనికిరాదు. ఈ రెండో వాక్యం పుస్తకంలో లేదు, నాకు అర్థమైంది అది. తెలుగులో రాసుకుని తీసుకెళ్లి ఆయనకు చదివి వినిపించాను.

రెండోసారి చదవమన్నాడు. విని, "ఆటకే గింత సోయి ఉన్నది. మనం రోజూ గీ పనే చేసేటోళ్లం. హీరో నడిస్తె మెల్లగ, విలన్ పడితె మెల్లగ. అబద్ధం ఎట్ల తయారైతదో మనకంటె ఎవనికి ఎరుక? మనమే నమ్మినం" అన్నాడు.

అప్పటినుంచి ఆయన సంఘం ఆఫీసుకు తిరగడం మొదలైంది. ఆరోగ్యం అప్పటికే బాగాలేదు, మెట్లెక్కితే ఆయాసం. కార్యదర్శి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవాడు. "ఫుట్‌బాల్ రూలు మనకెలా వర్తిస్తుందండీ? మనది సినిమా సంఘం కదా" అనేవాడు. ఒకసారి అధ్యక్షుడు షూటింగ్‌లో, ఇంకోసారి ఎన్నికలు, ఇంకోసారి ఎవరిదో పెళ్లి. ఈయన పోవడం మానలేదు. చివరికి, ఈ ముసలాయన బాధ వదిలించుకుందామనే కావచ్చు, ఒక శనివారం ఉదయం కూర్చుంటామన్నారు.

సాయిలును నేనే తీసుకొచ్చాను. యూసుఫ్‌గూడలో ఒక అపార్ట్‌మెంట్‌కు కాపలా ఉంటున్నాడప్పుడు.

ఈయన లాప్‌టాప్ పెట్టి, మొదట ఒక్క మాట చెప్పాడు. "నేను అప్పుడు మీకు చూపిచ్చింది నిజం కాదు సార్. సాగదీసింది. ఇప్పుడు అసలు ఎంతసేపు అయిందో చూడుండ్రి."

మామూలు వేగంలో వేశాడు. ముందు నుంచీ, తాడు బిగుసుకున్న దగ్గర్నుంచీ. కప్పీ దగ్గర ఏదో పట్టేసి తాడు ఒక్క గుంజు గుంజింది. సాయిలు తల విదిల్చినట్టయింది, అరచెయ్యి కాలితే వెనక్కి లాక్కున్నట్టు చెయ్యి ఎగిరింది. అంతే. చూసేలోపే అయిపోయింది.

ఇంకోసారి వేయమన్నారు. వేశాడు.

"అరె, గింతేనా?" అన్నాడు కమిటీలో ఒక ముసలి ఫైటర్. "గిండ్ల ఎవడు పట్టుకుంటడు? నేనైనా ఇడుస్త."

కార్యదర్శి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిజమేనండీ. మనం పొరపాటు పడ్డాం" అన్నాడు. సొరుగు తెరిచి సాయిలు కార్డు బయటికి తీశాడు. "తీసుకో బాబూ. సోమవారం నుంచి పనికి పో."

ఈయన ముఖం నేనెప్పుడూ మరిచిపోలేను. స్టాపర్‌గా చప్పట్లు ఎరగని మనిషి, మొదటిసారి ఎవరో కొట్టబోతున్నారని తలెత్తినట్టు సాయిలు వైపు చూశాడు.

సాయిలు కార్డు తీసుకోలేదు. తెర వైపు చెయ్యి చూపించాడు.

"సార్, గిది తప్పు" అన్నాడు. "గిది జల్ది తిప్పిన్రు. గింత జల్ది కాలే."

"కాదు బిడ్డా, ఇదే అసలుది" అన్నాడు ఈయన. "నేను ముట్టనే లేదు దీన్ని. కెమెరాల ఎట్ల పడ్డదో అట్లనే ఉన్నది."

"లేదన్నా. నేను ఆడ ఉన్న గద. నాకు మస్తు టైం ఉండె. పక్కకు జూసిన. ఎందుకు జూసిన్నో యాదికి లేదు గని, జూసిన. ఆడు పైన ఉన్నడని ఎరుకనే నాకు. అప్పుడు ఒక్కొక్క ఏలు ఇడిసిన." అతను తన కుడి చెయ్యి ఎత్తి వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. ఆ తెరమీద చూసిన వేగంతోనే, అంతే నెమ్మదిగా.

ఈయన కుర్చీలోంచి లేచాడు. "అది నేను జేసింది సాయిలూ! గీ మిషన్ మీద నేను జేసింది! గది జరిగింది గాదు!"

"మీరు నా కోసం చేస్తున్నరు, నాకు ఎరుకన్నా" అన్నాడు సాయిలు, ఎంతో మర్యాదగా. "అబద్ధం జెప్పకుండ్రి నా కోసం. నర్సింగ్ పెండ్లానికి నేను మొకం ఎట్ల జూపియ్యాలె?"

కార్డు బల్లమీదే ఉండిపోయింది. కార్యదర్శి కాసేపు చూసి మళ్లీ సొరుగులో పెట్టాడు. "రేపెప్పుడైనా మనసు మారితే రమ్మనండి" అన్నాడు మాతో.

ఆ తర్వాత కూడా ఈయన సాయిలు దగ్గరికి పోయేవాడు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని వాదించేవాడు. ఫోన్‌లో ఎవరిదో పెళ్లి వీడియో మెల్లగా తిప్పి, "చూడు, పెండ్లికొడుకు తాళి ఎట్ల కడ్తుండో, ఇష్టం లేనట్టు లేడా?" అని నవ్వించబోయేవాడు. సాయిలు నవ్వేవాడు కూడా. నవ్వి, "గది వేరన్నా" అనేవాడు. జ్ఞాపకం గురించి గ్రంథాలయంలో దొరికినవి నేను చదివాను. చూసినదాన్ని మనసు పదే పదే తిరగరాసుకుంటుందని వాటిలో ఉంది. రాసుకున్నదాన్ని ఎలా చెరపాలో నాకు ఎక్కడా దొరకలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. వెతుకుతున్నానని చెబుతూ వచ్చాను.

కిందటి వారం శ్మశానానికి సాయిలు వచ్చాడు. వాచ్‌మన్ యూనిఫామ్ మీదే వచ్చి, అంతా అయ్యేదాకా దూరంగా నిలబడ్డాడు. వెళ్లబోతూ నా దగ్గర ఆగాడు.

"అన్న నా కోసం మస్తు తిరిగిండు సార్. ఆకర్కు ఆయన మాట ఒక్కటి వినకపోతి" అన్నాడు. "కార్డుకు 'ఊ' అంటే అన్న పానం జర నిమ్మళంగ పోతుండె."

"ఇప్పుడైనా అనవచ్చు కదా సాయిలూ. ఆయన చెప్పింది నిజం" అన్నాను.

అతను పొగవైపు చూశాడు.

"నిజమే అయ్యుంటది సార్. గని ఏం జెయ్యాలె?" అన్నాడు. "నేను జూసిన గద."